కోకా సుబ్బారావుగారు - రెండు బీడీ కేసులు

ఈ ఏటి సంచికకు ఏదైనా రాయమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, బి.యస్సీ. చదివేవాణ్ణి గనుక ఏ శాస్త్రజ్ఞుడి గురించో రాస్తాననుకున్నారు. సుబ్బారావుగారి మీద రాస్తానంటే యల్లాప్రగడ సుబ్బారావుగారేనని సంతోషించారు కూడా. కాని నేను రాసేది మందులు కనిపెట్టిన సుబ్బారావుగారి గురించి కాదు. భారతదేశానికి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన కోకా సుబ్బారావుగారి గురించి. లా చదవని నాకు ఈ పని ఎందుకు పడిందో ముందు చెప్పుకోవాలి.

మాది పాన్‌గల్. కోట గుట్ట కింద ఊరు. మూడెకరాల చెలక, ఏడాది మంచిదైతే పల్లికాయ, కాకుంటే అప్పు. మా వైపు పనిచేసే మనిషిని మూడు మాటల్లో చెబుతారు. ఏడాదికి ఇంతని మాట్లాడుకొని ఒకరింట ఉండేవాడు జీతగాడు. పొద్దుకింతని వచ్చేది కైకిలి. పని మొత్తానికి ఇంతని ఒప్పుకొని, తన మనుషులను తాను తెచ్చుకొని, చేసి లెక్క తీసుకుపోయేవాడు గుత్త పట్టినవాడు. ఈ మూడింటికీ మధ్య గీత ఎక్కడుందో ఊర్లో చదువురాని ముసలమ్మకైనా తెలుసు. జీతగానికి జ్వరమొస్తే ఆసామి చూసుకోవాలి. చూసుకుంటాడో లేదో వేరే మాట, చూసుకోవాలని నలుగురూ అనుకుంటారు. గుత్తకు వచ్చినవాడికి జ్వరమొస్తే అది వాడి ఖర్మ.

మా తాత ఈ మూడింటిలో ఎవరో నాకు చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు. ఆయన పాలమూరు లేబరు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని, పండుగ వెళ్ళగానే లారీ ఎక్కి, ప్రాజెక్టు కాలువల మీద మన్ను మోసి, వానలకు ఇంటికి వచ్చినవాడు. మన్ను కంపెనీది, తట్టలూ పారలూ కంపెనీవి, ఎక్కడ తవ్వాలో చూపేది కంపెనీ ఇంజనీరు. కాని నీ యజమాని ఎవరని అడిగితే తాత మేస్త్రీ పేరే చెప్పేవాడు. ఆ మేస్త్రీకి కూడా పెంకుటిల్లు మించి ఏమీ లేదు. తాత కాలి మీద బండ పడినప్పుడు ఖర్చు ఎవరు పెట్టుకున్నారని ఒకసారి అడిగితే, మీ అవ్వ పుస్తెలు అన్నట్టు గొంతు కింద చెయ్యి పెట్టి చూపించాడు.

ఇక మా మామది మరో కథ. అమ్మ పుట్టిల్లు గద్వాల వైపు, కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న నడిగడ్డ. అక్కడ సీడు పత్తి వేస్తారు. తెలియనివారికి చెబుతాను: విత్తనాల కంపెనీ మగ మొక్కల విత్తనం, ఆడ మొక్కల విత్తనం విడివిడిగా ఇస్తుంది. సాయంత్రం ఆడ మొక్కల మొగ్గలు ఒలిచి కేసరాలు తీసేయాలి, తెల్లారి మగ పువ్వు తెచ్చి అద్దాలి. పువ్వు పువ్వుకూ చేత్తోనే. రెండు నెలల పైన రోజూ ఇదే పని. బాటనీ ప్రాక్టికల్స్‌లో మేము ఒక్క పువ్వుకు చేసి రికార్డులో బొమ్మ వేస్తే మార్కులు పడతాయి. మా అత్త ఒక పొద్దున వందల పువ్వులకు చేస్తుంది. కంపెనీ మనుషులు వచ్చి చూసిపోతారు, వేరే రకం మొక్క కనిపిస్తే పీకించేస్తారు. పెట్టుబడి ఆర్గనైజరు ఇస్తాడు, వడ్డీ వేస్తాడు. పంట అయ్యాక విత్తనం శాంపిలు పరీక్షకు పోతుంది. పాసైతే ధర, ఫెయిలైతే గింజ నూనె మిల్లుకు. మూడేళ్ళ కింద మామ సరుకు ఫెయిలయింది. పరీక్ష ఎక్కడ జరిగిందో, ఎవరు చేశారో మామకు తెలియదు. కంపెనీ వాళ్ళు ఆర్గనైజరును అడగమన్నారు. ఆర్గనైజరు కంపెనీని అడగమన్నాడు. ఆఖరికి తేలిందేమిటంటే, మామ ఎవరి దగ్గరా పనిచేయడం లేదు, ఆయన స్వంత వ్యాపారం చేసుకుంటున్నాడు.

ఈ మాట నేను హాస్టల్లో చెప్పుకొని బాధపడుతుంటే, లా చదివే మిత్రుడొకడు లైబ్రరీకి తీసుకుపోయి 1958 నాటి సుప్రీంకోర్టు తీర్పొకటి, 1961 నాటిది ఇంకొకటి తీసి ముందు పెట్టాడు. రెండూ బీడీ కేసులే. రెంటిలోనూ ఉన్న పేరు జస్టిస్ సుబ్బారావు. మొదటిదాంట్లో ఆయన కార్ఖానా యజమాని పక్షాన తీర్పిచ్చారు. రెండోదాంట్లో తోటి న్యాయమూర్తులతో విడిపోయి, బీడీలు చుట్టేవాడి వైపు నిలబడ్డారు. ఒకే మనిషి మూడేళ్ళలో ఇలా ఎందుకు చేశాడన్న కుతూహలమే ఈ వ్యాసానికి మూలం.

సుబ్బారావుగారు 1902 జులై 15న రాజమహేంద్రవరంలో జన్మించారు. తండ్రి కూడా వకీలే, కాని ఈయన చిన్నతనంలోనే పోయారు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో డిగ్రీ, మద్రాసులో లా. ఆటల్లో దిట్ట అంటారు. మన స్పోర్ట్స్ కార్యదర్శి ఈ సంగతి గమనించాలి. మామగారు పి. వెంకటరమణారావునాయుడుగారు మద్రాసులో పేరున్న న్యాయవాది, ఆయన దగ్గరే చేరారు. మధ్యలో జిల్లా మున్సిఫ్ ఉద్యోగం వస్తే బాపట్లలో కొద్ది నెలలు పనిచేసి మళ్ళీ మద్రాసు ప్రాక్టీసుకే తిరిగి వచ్చేశారు. మామగారు హైకోర్టు జడ్జి అయ్యాక, బావమరిది పి.వి. రాజమన్నారుగారితో కలిసి ప్రాక్టీసు నడిపారు. ఆ రాజమన్నారుగారే తరువాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. అంటే, కూలి చేసిన ఇంటినుంచి వచ్చినవారు కారు. మా తాతలాంటి వాళ్ళు ఆయనకు ఫైళ్ళలోనే కనిపించి ఉంటారు. ఇది తప్పని అనడంలేదు, తరువాతి కథకు అవసరమని రాస్తున్నాను.

1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడి, రాజధాని కర్నూలుకూ హైకోర్టు గుంటూరుకూ దక్కాయి. 1954 జులైలో గుంటూరులో మొదలైన ఆ హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి సుబ్బారావుగారే. ఆ ఏడాదే పుట్టిన శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి మొదటి ఛాన్సలరు కూడా ఆయనే. 1956 నవంబరులో తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే గుంటూరు కోర్టు హైదరాబాదుకు, మూసీ ఒడ్డున నిజాం కట్టించిన ఎర్రరాతి భవనానికి వచ్చింది. ఆ విధంగా, అప్పటిదాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న మా మహబూబ్‌నగర్ జిల్లాకు కూడా ఆయనే ప్రధాన న్యాయమూర్తి. మా ఊర్లో ఎవరికీ ఆ సంగతి తెలిసి ఉండదు. 1958 జనవరి 31న ఢిల్లీలో సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా చేరారు.

చేరిన ఏడాదే వచ్చింది చింతామణిరావు కేసు. మధ్యప్రదేశ్‌లోని సాగర్‌లో ఒక బీడీ కార్ఖానా. కార్ఖానాకు బీడీలు ఎక్కువభాగం సట్టేదార్ల ద్వారా వచ్చేవి. సట్టేదారంటే మన మాటలో గుత్తేదారు. కంపెనీ దగ్గర తంబాకు తీసుకుపోతాడు, ఒక్కొక్కసారి ఆకు కూడా. ఇంట్లో తానో, తాను పెట్టుకున్న కూలీలో బీడీలు చుడతారు. కట్టలు తెచ్చి కార్ఖానాలో అప్పగించి లెక్క తీసుకుంటాడు. ఒకనాడు ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి అలా బీడీలు అప్పగించడానికి వచ్చిన సట్టేదార్లూ వారి మనుషులూ లోపల ఉన్నారు. వీళ్ళు కార్మికులు, వీళ్ళ పేర్లు రిజిస్టర్లలో లేవు, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టాన్ని ఉల్లంఘించారని కేసు పెట్టాడు. శిక్షా పడింది. అది సుప్రీంకోర్టుకు ఎక్కింది.

ఆ తీర్పు సుబ్బారావుగారు రాశారు. ఉద్యోగమనే మాటలో మూడు ఉండాలని ఆయన వివరించారు: పని ఇచ్చేవాడు, పని చేసేవాడు, ఆ ఇద్దరి మధ్య కొలువు ఒప్పందం. ఒకరు ఇంకొకరి అదుపాజ్ఞల కింద పనిచేస్తేనే అది కొలువు. సరుకు తయారుచేసి ఇస్తానని ఒప్పుకొని, ఎలా చేయాలో ఎవరితో చేయించాలో తానే చూసుకునేవాడు కొలువులో లేడు, అతను స్వతంత్ర కాంట్రాక్టరు. సట్టేదారు ఎక్కడ బీడీలు చుట్టించాడో కంపెనీకి పట్టదు. నచ్చని బీడీలు తీసిపారేయవచ్చు, అంతే. కనుక సట్టేదారు కార్మికుడు కాడు, అతని కూలీలు అసలే కారు. శిక్ష కొట్టేశారు.

చదువుతుంటే నాకు కోపం వచ్చిన మాట దాచుకోను. సట్టేదారు సంగతి సరే, వాడి కింద బీడీలు చుట్టినవాళ్ళ మాటేమిటి? తంబాకు కంపెనీది, బీడీ కంపెనీది, మీద వేసే ముద్ర కంపెనీది. మధ్యలో ఒక పేరు నిలబడగానే చుట్టిన చెయ్యి మాయమైపోయింది. మా తాత మేస్త్రీ కళ్ళముందు మెదిలాడు. అయితే న్యాయంగా ఒక్కటి ఒప్పుకోవాలి. అది క్రిమినల్ కేసు. కోర్టు ముందున్న ప్రశ్న బీడీ కూలీల బతుకు బాగుపడాలా అన్నది కాదు, ఫలానా రోజు లోపల నిలబడ్డ ఫలానావాళ్ళు చట్టం చెప్పిన అర్థంలో కార్మికులా అన్నది. సరుకు అప్పజెప్పడానికి గుమ్మం దాటినవాళ్ళంతా కార్మికులే అంటే, మా నాయన పల్లికాయ అమ్మడానికి మిల్లులోకి పోయినప్పుడు మిల్లు కార్మికుడు కావాలి.

ఇక్కడ కొంచెం వెనక్కి పోవాలి. ఈ అదుపు అనే కొలత ఇంగ్లాండు నుంచి వచ్చింది. 1880 నాటి యూవెన్స్ కేసు దగ్గర్నుంచి, ఏం చేయాలో చెప్పడమే కాక ఎలా చేయాలో కూడా చెప్పగలిగినవాడే యజమాని అనేవారు. జీతగానికి అది సరిగ్గా సరిపోతుంది. కాని ఆపరేషన్ చేసే డాక్టరుకు ఎలా కోయాలో ఆసుపత్రి కమిటీ చెబుతుందా? అక్కడ ఆ కొలత చాలదని వాళ్ళకే తెలిసివచ్చింది. మన సుప్రీంకోర్టు ముందుకు ఈ ప్రశ్న గట్టిగా వచ్చింది గుజరాత్ ఉప్పు మడుల నుంచి. ధ్రాంగధ్రా కెమికల్ వర్క్స్ కేసు. అగరియాలనే ఉప్పు రైతులు కంపెనీ ఇచ్చిన మడుల్లో సీజనంతా కుటుంబంతో ఉండి ఉప్పు పండించేవారు. నెల జీతం లేదు, పండిన ఉప్పు మణుగుకు ఇంతని. పని వేళలు లేవు. అవసరమైతే తామే కూలీలను పెట్టుకునేవారు. కంపెనీ సూపరింటెండెంట్లు మాత్రం మడి కట్టే దగ్గర్నుంచి చివరిదాకా వచ్చి చూసేవారు. జస్టిస్ భగవతి రాసిన ఆ తీర్పు వారు కార్మికులేనంది. సాయానికి నలుగురిని పెట్టుకున్నా, తాను స్వయంగా పనిచేయడానికి ఒప్పుకున్నవాడు కార్మికుడే అన్నది అందులో ముఖ్యమైన మాట. సుబ్బారావుగారు ఢిల్లీ వెళ్ళేనాటికి ఈ తీర్పు ఉంది. ఉప్పు మడిలో మనుషులు వచ్చి చూసేవారు, సట్టేదారు ఇంటికి ఎవరూ వచ్చి చూసేవారు కాదు. ఆయన చూసిన తేడా అదే.

రెండో బీడీ కేసు నాగపూరుది, బిర్ధీచంద్ శర్మ కేసు. అందులో కార్మికులు ఫ్యాక్టరీకి వచ్చే చుట్టేవారు, ఇంట్లో చుట్టడానికి వీల్లేదు. ఇష్టమైన వేళకు రావచ్చు, పోవచ్చు, లెక్క మాత్రం ముక్కకింత. జస్టిస్ వాంఛూ రాసిన తీర్పు వారిని కార్మికులంది. బీడీ చుట్టడం పక్కన నిలబడి నేర్పాల్సిన పని కాదని, సాయంత్రం బాగాలేని బీడీలు ఏరిపారేయడమే అక్కడ అదుపు అని చెప్పింది. ఎంత అదుపు ఉండాలన్నది పనిని బట్టి మారుతుందన్నమాట. చెబితే తేలికే గాని, ఆ మాట చెప్పడానికి చాలా కాలం పట్టింది.

1961లో మూడోది, శంకర్ బాలాజీ వాజే కేసు. నాసిక్ జిల్లా సిన్నర్‌లో బీడీ ఫ్యాక్టరీ. ఒక కార్మికుడికి సెలవు దినాల జీతం ఇవ్వలేదని కేసు. ఇతను ఫ్యాక్టరీలోనే చుడతాడు. తంబాకు, ఆకు యజమానివే. ముందురోజు ఆకు ఇంటికి తీసుకుపోయి కత్తిరించి పెట్టుకుంటాడు. రావడానికి ఇంత వేళ అని లేదు, రోజూ రావాలనీ లేదు. కాని పది రోజులు దాటి రాకుండా ఉండాలంటే ముందుగా చెప్పాలి, లేకుంటే పని మానేశాడనుకుంటారు. బీడీ బాగాలేకుంటే తీసేస్తారు. ఇతను కార్మికుడా?

ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు కాదన్నారు. వచ్చే పోయే స్వేచ్ఛ ఉంది, ఎంత చుట్టాలన్న కట్టుబాటు లేదు, ఎలా చుట్టాలో చెప్పేవారు లేరు, కనుక కొలువు కాదన్నారు. మూడోవారు సుబ్బారావుగారు. మూడేళ్ళ కింద సట్టేదార్లు కార్మికులు కారని రాసిన ఆయనే, ఇతను మాత్రం కార్మికుడేనని విడిగా తీర్పు రాశారు. మొదట నాకు ఇది మనసు మార్చుకోవడం లాగా కనిపించింది. రెండోసారి చదివితే అట్లా అనిపించలేదు. సట్టేదారు తన ఇంట్లో, తన మనుషులతో చేశాడు. ఇతను యజమాని చూరు కింద కూర్చొని, యజమాని సరుకుతో, ఫ్యాక్టరీ తెరిచిన వేళల్లో, యజమాని అడిగిన నాణ్యంలో, తన చేతులతో చుట్టాడు. కొలబద్ద అదే, కొలిచిన మనిషి వేరు. స్వేచ్ఛగా రావచ్చుననే మాట వెనుక ఏముందో కూడా ఆలోచించాలి. రాకుంటే ఆ రోజు కూలి లేదు. ఆ స్వేచ్ఛ మా కైకిలి వాళ్ళకూ ఉంది.

మా మిత్రుడు లా చదివేవాడు గనుక నన్ను హెచ్చరించాడు: మైనారిటీ తీర్పుకు చట్టబలం లేదు, ఆ కార్మికుడికి సెలవు జీతం రాలేదు. నిజమే. నేను రసాయనశాస్త్రం చదివేవాణ్ణి. ఒక చుక్క ఇండికేటరు వేస్తే రంగు మారి ఆమ్లమో క్షారమో తేలిపోతుంది. ఈ ప్రశ్నకు అలాంటి చుక్క లేదని ఈ మూడు కేసులు చదివాకగాని తెలియలేదు. ఒకే రకం పని, ఒకే ఆకు, ఒకే తంబాకు. సాగర్‌లో కాదు, నాగపూరులో అవును, సిన్నర్‌లో కాదు.

సుబ్బారావుగారిని దేశమంతా ఎరిగింది ఈ బీడీ కేసుల వల్ల కాదు. 1962లో ఖరక్‌సింగ్ కేసులో, పోలీసులు అనుమానితుడి తలుపు అర్ధరాత్రి తట్టి చూసిపోయే పద్ధతి గురించి, మనిషి ఏకాంతం కూడా అతని స్వేచ్ఛలో భాగమేనని జస్టిస్ షాతో కలిసి మెజారిటీకి భిన్నంగా రాశారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ భిన్నాభిప్రాయమే సరైనదని ఒప్పుకుంది. అప్పటికి ఆయన పోయి నలభై ఏళ్ళు దాటింది. 1966 జూన్ 30న ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసు. ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదని ఆరుగురు, ఉందని అయిదుగురు. ఆరుగురిలో పెద్ద ఆయనే. ఆ కేసు పంజాబులో అయిదువందల ఎకరాల పైచిలుకు భూమి ఉన్న కుటుంబానిది, భూపరిమితి చట్టం మీద వచ్చింది. మూడెకరాల ఇంటివాణ్ణి నేను దీన్ని చప్పట్లు కొట్టి మెచ్చుకోలేను. మా జిల్లాలో సంస్థానాల కాలంనుంచి భూమి ఎవరి చేతుల్లో ఉందో అందరికీ ఎరుకే. 1973లో కేశవానంద భారతి కేసులో ఆ తీర్పు పోయింది, కాని రాజ్యాంగపు మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చరాదన్న కట్టు నిలిచింది. ఆస్తిహక్కుకు కాపలా కాసిన ఆయన్ని కార్మికులకు పరాయివాడని అనేవారు సిన్నర్ కేసు చదవలేదనుకుంటాను. మొత్తం మీద ఆయన చూపు ఒంటరి మనిషి మీద ఉండేదని నాకు తోస్తున్నది. ఒకప్పుడు ఆ ఒంటరి మనిషి జమీందారు, ఒకప్పుడు పోలీసు రికార్డులోకి ఎక్కినవాడు, ఒకప్పుడు బీడీలు చుట్టేవాడు.

ఆఖరుగా చేసిన పని చాలామందికి నచ్చలేదు, నాకూ అంతగా నచ్చలేదు. 1967 ఏప్రిల్ 11న ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి, ప్రతిపక్షాల ఉమ్మడి అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికకు నిలబడ్డారు. జాకిర్ హుస్సేన్‌గారికి 4,71,244 ఓట్ల విలువ, ఈయనకు 3,63,971. ఓడిపోయారు. నిన్నటిదాకా ప్రభుత్వానికి వ్యతిరేకంగా తీర్పులిచ్చిన కుర్చీలోంచి లేచి నేరుగా ప్రతిపక్షం వేదిక మీదికి పోతే, ఆ తీర్పులను కూడా జనం వేరే కంటితో చూస్తారు. 1976 మే 6న, ఎమర్జెన్సీ రోజుల్లో, ప్రాథమిక హక్కులు అటకెక్కి ఉన్న కాలంలో కన్నుమూశారు.

బీడీ కథ మాత్రం ఆయనతో ఆగలేదు. కోర్టుల్లో ఒకసారి అవును, ఒకసారి కాదు అంటూ ఉంటే పార్లమెంటు 1966లో బీడీ, చుట్ట కార్మికుల చట్టం చేసింది. ఇంట్లో కూర్చొని చుట్టేవారిని, కాంట్రాక్టరు ద్వారా పనిచేసేవారిని కూడా అందులోకి తెచ్చింది. అంటే, 1958 తీర్పులో మాయమైన చెయ్యి చట్టంలో మళ్ళీ కనిపించింది. యజమానులు సవాలు చేస్తే 1974లో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది. ఈనాడు నిజామాబాదు, కరీంనగర్ వైపు ఇళ్ళ అరుగుల మీద చాటలు పెట్టుకొని బీడీలు చుట్టే అక్కలకు పి.ఎఫ్. నంబరు ఉందంటే దానికి పునాది అక్కడుంది. 1973లో అప్పటి ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్ళిన సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసు ఇంకో అడుగు. దర్జీలకు ముక్కకింతని లెక్క, కొందరు బట్ట ఇంటికి కూడా తీసుకుపోయేవారు. మిషన్లు దుకాణానివి, కుట్టు బాగాలేకుంటే విప్పి మళ్ళీ కుట్టమనే హక్కు యజమానిది. వారు ఉద్యోగులేనని జస్టిస్ మాథ్యూ తీర్పు రాశారు. అదుపు ఒక్కటే కొలత కాదని, పనిముట్లు ఎవరివి, నష్టం ఎవరిది అని కూడా చూడాలన్నారు. మా తాతలాంటి వలస కూలీల కోసం 1970లో కాంట్రాక్టు కార్మికుల చట్టం, 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చాయి. అవన్నీ ఇప్పుడు కొత్త లేబరు కోడ్‌లలో కలిశాయి. మేస్త్రీ మాత్రం ఏ కోడ్‌లోనూ కలవలేదు, ఊర్లోనే ఉన్నాడు.

హాస్టల్లో మా పక్క గది మిత్రుడు సాయంత్రం అన్నం పొట్లాలు ఇళ్ళకు చేరవేసే పని చేస్తాడు. బండి తనది, పెట్రోలు తనది, ఫోను తనది. ఎప్పుడైనా యాప్ తెరవొచ్చు, మూయొచ్చు. కాని ఆలస్యమైతే రేటింగు పడిపోతుంది, రేటింగు పడితే ఆర్డర్లు రావు. సిన్నర్ బీడీ కార్మికుడి స్వేచ్ఛ ఇదే కదా. ఇంగ్లాండులో 2021లో అక్కడి సుప్రీంకోర్టు ఊబర్ డ్రైవర్లను కార్మికులేనంది. మన 2020 సాంఘిక భద్రత కోడ్ ఇలాంటివారిని గిగ్ వర్కర్లని పేరు పెట్టి, యజమాని-ఉద్యోగి సంబంధానికి బయటివారని చెబుతూనే వారికోసం పథకాలు పెట్టవచ్చునంది. జీతగాడూ కాదు, గుత్తవాడూ కాదు, నాలుగో మాట ఒకటి పుట్టింది.

మా మామ సంగతి తేల్చి ఆపుతాను. ఈ కొలతలన్నీ పట్టుకొని మామ చేనుకు పోయి కూర్చున్నాను. విత్తనం కంపెనీది, అవును. వచ్చి చూసిపోతారు, అవును. ఫెయిల్ చేసే హక్కు వాళ్ళది, అవును. సాయానికి కూలీలను పెట్టుకున్నా తానే పని చేస్తాడు, అగరియాల లాగే. కాని అగరియా మడి కంపెనీది, మామ చేను మామదే, పట్టాదారు పాసుపుస్తకం ఇనప పెట్టెలో ఉంది. ఆ ఒక్క పుస్తకం ఆయన్ని కార్మికుడు కాకుండా చేస్తుంది. సుబ్బారావుగారి ముందుకు ఈ ఫైలు పోయినా, సట్టేదారు పక్కనే కూర్చోబెట్టేవారని నా అనుమానం. 2012లో జాతీయ విత్తన సంస్థ కేసులో సుప్రీంకోర్టు ఇంకో తలుపు చూపించింది: కంపెనీకి తిరిగి అమ్మే ఒప్పందం మీద విత్తనం కొని వేసిన రైతు కూడా వినియోగదారుడే, నాసి విత్తనానికి ఫోరంలో నష్టపరిహారం అడగవచ్చునని. కార్మికుడిగా కాదు, కొనుక్కున్నవాడిగా. మామకు ఈ సంగతి చెబితే, పైసలు ఇచ్చి కొన్నట్టు రశీదు ఉందా అని మొదట అడిగింది మా అత్తే.

రశీదు లేదు. ఆర్గనైజరు నోట్‌బుక్‌లో మామ సంతకం ఉంది. ఈ వానాకాలం మళ్ళీ సీడు వేశారు. ఒప్పందం కాగితం ఫోటో తీసి నాకు పంపమన్నాను. కాగితం ఆర్గనైజరు దగ్గరే ఉందట. సెలవులకు పోయినప్పుడు అతని ఇంటికే పోయి చదివి వద్దామని మామా నేనూ అనుకున్నాం.